మూడు ఎరుపుల సైన్యం

ఏదీ, ఆ గుప్పిట్లో దాచుకున్నది ఇటు చూపించు. అదే అదే. ఎక్కడ దొరికిందే నీకు? పాత కుట్టుమిషన్ సొరుగులోనా? చూశావా, ఇన్ని ఇళ్లు మారాం, ఇన్నిసార్లు సామాను దులిపాం, వీడు మాత్రం గుండీల మధ్య నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. బొమ్మ అనకే తల్లీ, మీ తాత వింటే లేచొచ్చి చెవి మెలిపెడతాడు. సైనికుడు అనాలి. ఎర్రకోటు పదాతిదళం. నువ్వు పుట్టకముందే పోయాడు మా అన్నయ్య, నీకేం తెలుస్తుందిలే. ఫొటోలో చూసి పెద్దమనిషి అనుకుంటున్నావేమో, ఆయన పెద్దమనిషితనం అంతా ఫొటో తీసినంతసేపే. ఆ కుర్చీ ఇటు లాక్కో, నేను గట్టిగా మాట్లాడలేను.

దర్జీ అని తెలుసుగా నీకు. ముందు గది కొట్టు, వెనక రెండు గదుల్లో మేం. నేను కాజాలు కుట్టేదాన్ని. మీ నానమ్మ, అంటే మా వదిన, హుక్కులూ చేతికుట్లూ చూసుకునేది. కటింగు మాత్రం అన్నయ్య ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఎప్పుడు చూసినా నోట్లో గుండుసూదులు ఉండేవి, ఏం మాట్లాడినా పళ్ల సందుల్లోంచే. కోపం వస్తే తిట్టాలంటే ముందు వాటిని ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చాలి కదా, అవి గుచ్చేసరికి సగం కోపం చల్లారిపోయేది. వదిన గడుసుది, ఏదైనా పేచీ పెట్టుకోవాలంటే నోటినిండా సూదులు ఉన్నప్పుడే పెట్టుకునేది. ఆఁ, నవ్వు నవ్వు, నీకూ ఆ బుద్ధులే వచ్చాయి.

అసలీ సైనికుల పిచ్చి ఎలా మొదలైందంటే, ఒకసారి నాటకాల వాళ్లు వచ్చారు, పాతకాలం సిపాయిల కోట్లు కావాలని. నమూనాకని ఒక లావుపాటి బొమ్మల పుస్తకం తెచ్చారు. ఎప్పుడో, ఎవరి తాతముత్తాతలకీ గుర్తులేని కాలంలో, ఒక నది ఒడ్డున ఎర్రకోట్ల వాళ్లూ నీలంకోట్ల వాళ్లూ కొట్టుకున్నారట. వాళ్ల బట్టల బొమ్మలన్నీ అందులో ఉన్నాయి. ఆ నాటకం ఆడారో మానేశారో తెలీదు, పుస్తకం కోసం మాత్రం మళ్లీ ఎవరూ రాలేదు. అన్నయ్య అందులో పడ్డాడు. అన్నం ముందు పుస్తకం, పడకలో పుస్తకం. "చెల్లీ, ఈ భుజం కోత చూడవే! చెయ్యెత్తి తుపాకీ పేల్చినా చంక కింద ఒక్క ముడత పడదు." యుద్ధంలో ఎవరు గెలిచారన్నయ్యా అని అడిగితే, ఏమో, చివర్లో రాసుంటుందిలే అన్నాడు. ఎవరు గెలిస్తే ఆయనకేం, కుట్టిందెవరో కావాలి గానీ.

ఇహ ఆ పిచ్చికి తోడు గడియారాలాయన దొరికాడు. మా ఎదురు కొట్టే. కంటికి భూతద్దం బిగించుకుని, చీమ కాలంత చక్రాల్ని పట్టకారుతో పట్టి బిగించేవాడు. మేమందరం ఆయన్ని గడియారం అనే అనేవాళ్లం, ఆయనా పలికేవాడు. ఈ ఇద్దరూ కలిసి ఎక్కడో సీసం పోతపోసేవాణ్ణి పట్టుకుని, నా చిటికెన వేలులో సగం ఉండే సైనికుల్ని పోయించారు. గంపల కొద్దీ. గడియారం నీలంకోట్లు తీసుకున్నాడు, అన్నయ్య ఎర్రకోట్లు. ఆదివారం కొట్టు మూసి, కటింగు బల్ల మీద ఆకుపచ్చ అస్తరు గుడ్డ పరిచి, దాని కింద భుజాలకి పెట్టే దూది పాడ్లు తోసి కొండలు చేసేవాళ్లు. నీలం రిబ్బను పరిస్తే నది. టేపు పెట్టి కొలుచుకుంటూ సైనికుల్ని నడపడం, పాచికలు వేసి ఎవరు కూలారో తేల్చుకోవడం. ఇద్దరికీ నెత్తిమీద జుట్టు నెరిసింది, చూసే వాళ్లకి మతి పోయేది. సోమవారం పొద్దున ఒకాయన తన కొత్త ప్యాంటు మడత విప్పి చూసుకుంటే జేబులోంచి సీసం ఫిరంగి పడింది. ఆయన దాన్ని పట్టుకుని, "ఇది నా కొలతల్లో ఉందా మాస్టారూ?" అని అడిగాడు.

వాళ్ల ఆటకి ఒక్కటే గట్టి నియమం, అదీ అన్నయ్య పెట్టిందే. రంగు పడని సైనికుడు బల్ల ఎక్కకూడదు. "రంగు లేనివాడు బట్టల్లేనివాడు. నా కొట్లోంచి బట్టల్లేకుండా ఎవణ్ణయినా యుద్ధానికి పంపిస్తానా?" అనేవాడు. చెప్పడం బానే ఉంది. గడియారానికి చేతిలో పని ఉంది, భూతద్దం ఉంది, సన్నటి కుంచెతో కూర్చుని తన నీలం సైన్యం మొత్తానికి కాలరు అంచుతో సహా రంగులు వేసేసుకున్నాడు. మనవాడికి సూది పడితే చెయ్యి కదలదు, కుంచె పడితే మాత్రం వణుకు. మొదట వేసిన నలుగురైదుగురికీ ఆటలమ్మ పోసినట్టుంది. అందుకని ఆ కొద్దిమందితోనే ఏళ్ల తరబడి చిల్లర తగాదాలు ఆడుకున్నారు, వంతెన దగ్గరో, దిబ్బ దగ్గరో. పుస్తకంలో ఉన్న పెద్ద యుద్ధం, రెండు సైన్యాలూ మొత్తం దిగేది, అది మాత్రం ఎప్పుడూ వచ్చే ఏడాదే. దర్జీ మాట కదా.

అలా ఉండగా ఒకరోజు గడియారం కొట్టు మూసి మా కొట్లోకి వచ్చి కూర్చున్నాడు. మామూలుగా వచ్చి కూర్చునే వేళ కాదది. "ఏమోయ్ దర్జీ, కంటి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చా. లోపల నరం ఎండిపోతోందట. ఉన్న చూపు కొంచెం కొంచెంగా పోతుంది గానీ, పోయింది మళ్లీ రాదట," అన్నాడు. వాచీకి పట్టీ తెగింది అన్నట్టే చెప్పాడు. తనే మళ్లీ నవ్వి, "పని మా తమ్ముడి కొడుకు చూసుకుంటాడులే. నా బాధ అది కాదు. నీ ఎర్రకోట్లు బారులు తీరి నిలబడితే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలోయ్. నా నీలంవాళ్లు ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నారు," అని లేచి వెళ్లిపోయాడు. అన్నయ్య సూదులన్నీ తీసి దిండుకి గుచ్చాడు. తిట్టడానికి ఎవరూ లేరు. "అందరికీ రంగు వేయించేస్తా," అన్నాడు. వదిన, "ఎవరి చేత?" అంది. "ఊళ్లో రంగు ముట్టుకునే ప్రతివాడి చేతా," అన్నాడు.

అన్నంత పనీ చేశాడే! ముందు బోర్డు పెయింటర్ని పట్టుకొచ్చాడు. దుకాణాలకి మనిషెత్తు అక్షరాలు రాసే మనిషి. వాడు సైనికుణ్ణి రెండు వేళ్ల మధ్య పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, "మాస్టారూ, వీడి మీద ఏం రాయాలి?" అన్నాడు. తర్వాత ఫొటో స్టూడియోలో ఫొటోలకి మెరుగులు దిద్దే ఆయన. ఆయన చెయ్యి మహా సన్నం, మనిషీ సన్నమే, మాట అయితే వినపడేదే కాదు. మూడోవాడు లారీలకి రంగులు కొట్టేవాడు. "పంపించండి సార్, లారీ కంటే చిన్నవేగా!" అన్నాడు, ధైర్యం అంటే అదీ. కూలి కింద ముగ్గురికీ బట్టలు కుట్టి ఇచ్చేట్టు ఒప్పందం. ఆ స్టూడియో సన్నాయనకి కోటు కుడుతుంటే అన్నయ్య తనకి తెలీకుండానే దానికీ పుస్తకంలో భుజం కోత పెట్టేశాడు. ఆయన దాన్ని వేసుకుని స్టూడియోలో తిరుగుతుంటే, ఫొటో దిగడానికి వచ్చినవాళ్లు నిటారుగా కూర్చునేవాళ్లట.

ఇక్కడే ఉంది అసలు కథ, విను. సైన్యానికి ఎరుపు ఒకటే ఉండాలని అన్నయ్య పంతం. అందుకని మంచి ఎర్ర ఉన్ని తాను ఒకటి తెప్పించి, దాంట్లోంచి మూడు ముక్కలు కత్తిరించి, సైనికుల సంచీ మూతికి తలా ఒక ముక్క గుచ్చి పంపించాడు. "సరిగ్గా ఈ రంగే కలపాలి. వెంట్రుకవాసి తేడా రాకూడదు." చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. వాళ్లూ పాపం ప్రాణం పెట్టి కలిపారు. ఒక్కటే చెప్పడం మరిచిపోయాడు. మా కొట్టుకి గుడ్డ పట్టుకుని ఎవరొచ్చినా అన్నయ్య మొట్టమొదట అనే మాట ఏంటో తెలుసా? "కొట్లో చూడకండి, వీధిలోకెళ్లి ఎండలో చూడండి, రంగు లోపల ఒకటి, బయట ఒకటి." పొద్దున లేస్తే పదిసార్లు అనే మాట! అది ఆ ముగ్గురికీ చెప్పలేదు. బోర్డు పెయింటరు ట్యూబులైటు కింద కలిపాడు. సన్నాయన స్టూడియోలో పసుపుపచ్చ దీపం దగ్గర కలిపాడు. లారీవాడు మిట్టమధ్యాహ్నం రోడ్డు పక్కన నిలబడి కలిపాడు. ఎవరి వెలుతుర్లో వాళ్లకి అది ఆ ముక్క రంగే. మూడు సంచులూ తెచ్చి మా బల్ల మీద పక్కపక్కన ఒలకబోస్తే ఒకటి దానిమ్మ గింజ, ఒకటి ఇటుక, ఒకటి టమాటా. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది మావాడి పని.

పైగా ఎవరి ముద్ర వాళ్లు వేశారు. బోర్డు పెయింటరు తన ఎనామిల్ రంగు ఎంత మందంగా పూశాడంటే, లోపల గుండీలూ బెల్టులూ అన్నీ మునిగిపోయి, అందరూ చలికి దుప్పటి కప్పుకున్నట్టు ఉన్నారు. సన్నాయన బహుపల్చగా, బహుముద్దుగా వేశాడు గానీ, అలవాటు కొద్దీ ప్రతివాడికీ బుగ్గలు ఎర్రగా దిద్ది, పెదవి కొసన ఒక చుక్క పెట్టి నవ్వించాడు. కత్తి దూసినవాడూ నవ్వే, గుర్రం మీంచి పడుతున్నవాడూ నవ్వే, పెళ్లి ఫొటోకి నిలబడ్డట్టు. లారీవాడు పైన వార్నిష్ కొట్టాడు, పట్టుకుంటే వేళ్లలోంచి జారిపోతున్నారు. ఒక డప్పు వాయించేవాడి డప్పు మీద చిలకని కూడా వేశాడు. నేనూ వదినా నవ్వలేక చచ్చాం. అన్నయ్య మాత్రం బల్ల పట్టుకుని కూర్చుండిపోయాడు. వదిన నచ్చజెప్పింది కూడా. "ఏవండీ, నిజం సైన్యంలో మాత్రం అందరి కోట్లూ ఒక్క తానులోంచే కోశారా? ఎండకి వెలిసినవాడు ఉండడా, మొన్ననే చేరినవాడు ఉండడా? పిలవండి గడియారం అన్నయ్యగారిని, చూపు ఉండగానే చూస్తారు." ఆయన వింటేనా! "వాడు ఒక్కసారి చూస్తాడు. ఆ ఒక్కసారి ఇదా చూసేది?" అని మళ్లీ సంచుల్లో సర్ది ముగ్గురికీ వెనక్కి పంపాడు, ఎండలో చూసి మళ్లీ వెయ్యమని.

నేనేమంటానంటే, అప్పుడు పిలిచేసుంటే సరిపోయేది. కానీ అలా అనకూడదులే, ప్రేమ కొద్దీ చేసిందే కదా. బోర్డు పెయింటరు పాత రంగు గీకకుండా దాని మీదే ఇంకో పూత వేశాడు, దుప్పటి మీద దుప్పటి. సన్నాయన ఒక్కొక్కణ్ణీ స్నానం చేయించినట్టు కడిగి, ఆరబెట్టి, మళ్లీ మొదలుపెట్టాడు, ఎప్పటికి తెమలాలి? లారీవాడు ఠక్కున చెప్పేశాడు, "షెడ్డు దాటిన బండికి మళ్లీ రంగు కొట్టను సార్, మా గురువు మాట," అని. ఇన్ని తిప్పలూ పడ్డాక తిరిగొచ్చిన సైన్యం చూస్తే మళ్లీ మూడు ఎరుపులే! ఒకరు పొద్దుటెండలో కలిపారు, ఇంకొకరు సాయంత్రపు నీరెండలో. పేర్లు మారాయంతే, దానిమ్మ ఉన్నచోట ఇటుక, ఇటుక ఉన్నచోట ఇంకేదో. ఆ సాయంత్రమే గడియారం వచ్చాడు. రోజూ కూర్చునే స్టూలే, రోజూ ఉండే చోటే, చెయ్యి చాపి దానికోసం వెతికాడు. స్టూలు పక్కన గాలిని తడిమాడు. నేను గబుక్కున స్టూలు ఆయన చేతి కిందికి తోశాను. అన్నయ్య చూశాడు అది. నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి గుచ్చాడు, చివరి సూది దాకా. ఆ రోజు మాత్రం కోపం తగ్గలేదు, తన మీద తనకే కదా.

"ఏమోయ్ దర్జీ, నా పిలుపెప్పుడు?" అన్నాడు గడియారం. "రంగు ఇంకా కొంచెం..." అని నసిగాడు అన్నయ్య. లోపల్నుంచి వదిన వచ్చేసింది. "రంగు అయిపోయింది అన్నయ్యగారూ. ఈ ఆదివారమే. పొద్దున్నే వచ్చెయ్యండి." ఆ మాట చెప్పి ఊరుకుందనుకున్నావా? ఒక కొత్త టేపు తీసుకుని, అంగుళానికి ఒకటి చొప్పున దారంతో ముడికుట్లు వేసింది, వేలికి తగిలేట్టు. పాచికల మీద చుక్కలు కూడా సూది మొనతో లోతు చేసింది. అది చూసి అన్నయ్య వదిన పక్కన కూర్చుని దారం ఎక్కించి ఇచ్చాడు.

ఆదివారం వచ్చింది. మొత్తం బల్ల నిండిపోయింది తల్లీ, బల్ల చాలక ఇస్త్రీ బల్ల కూడా జరిపి కలిపాం. అటు నీలం, ఇటు ఎరుపు. గడియారాన్ని నేనే చెయ్యిపట్టి తీసుకొచ్చా. వెలుతురు మాత్రం తెలుస్తోంది ఆయనకి, ఆకారాలు లేవు. అన్నయ్య గోడ దగ్గర తప్పుచేసిన పిల్లాడిలా నిలబడ్డాడు. గడియారం మెల్లగా చేతులు చాపి ఎర్రకోట్ల మీద వేళ్లు ఆనించాడు. ఆ వేళ్లు మామూలు వేళ్లా! ఒకణ్ణి పైకెత్తాడు, బొటనవేలితో రుద్దాడు. "ఇదేంటోయ్, వీడు దుప్పటి కప్పుకుని వచ్చాడు? బోర్డు పెయింటరు కదూ?" మేం నోరు వెళ్లబెట్టాం. ఇంకోణ్ణి ఎత్తాడు. "వీడి బెల్టు తెలుస్తోంది, గుండీలు తెలుస్తున్నాయి... మూతి దగ్గర ఈ చుక్కేంటి? నవ్వుతున్నాడా? స్టూడియో!" ఇంకోడు వేళ్లలోంచి జారి బల్ల మీద పడ్డాడు. "ఇది లారీ!" అని పెద్దగా నవ్వాడు. అలా ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తడుముకుంటూ వెళ్లి, "అంటే నీ ఎడమ పక్క దుప్పటివాళ్లు, మధ్యలో నవ్వేవాళ్లు, కుడి పక్క జారేవాళ్లు. నా వాళ్లని నేనెలాగూ ఎరుగుదును. మరింకేం, మొదలుపెట్టు," అన్నాడు. అప్పుడు అర్థమైంది మాకు. ఒకే చెయ్యి వేసుంటే, అన్నయ్య కోరుకున్నట్టు అందరూ ఒక్కలా ఉండుంటే, ఆయన వేళ్లకి అదంతా ఒక సీసం గుట్ట. ఎవరు ఏ దళమో తెలిసేదే కాదు.

సాయంత్రం దాకా ఆడారు. ముడికుట్ల టేపు పరుచుకుని తన సైన్యాన్ని తనే నడుపుకున్నాడు. మధ్యలో నవ్వేవాళ్ల వరసని చీల్చుకుని పోయాడు. అన్నయ్య చిత్తుగా ఓడిపోయాడు. ఓడినవాడి ముఖం నేనెప్పుడూ అంత వెలిగిపోవడం చూళ్లేదు. లేచేముందు గడియారం ఒక్క ప్రశ్న అడిగాడు. "అన్నీ సరే గానీ, ఎరుపు ఎలా కుదిరిందోయ్?" నేనూ వదినా ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకున్నాం. బల్ల మీద మూడు ఎరుపులూ మూడు ఊళ్లవాళ్లలా నిలబడున్నాయి. అన్నయ్య తొణకలేదు. "ఒకటే ఎరుపు. ఒక్క తానులోంచి కోసినట్టు కుదిరింది," అన్నాడు. గడియారం తల ఊపాడు, తృప్తిగా. ఇహ అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆటే, ఏళ్ల తరబడి, ఇద్దరూ పోయేదాకా. ఒకరు పోయిన వెనకాలే ఇంకొకరు. తర్వాత సైనికులు పిల్లల చేతుల్లో పడి తలా ఒక దిక్కు పోయారు.

ఏదీ, నువ్వు కళ్లు మూసుకో. మూసుకోవే, దొంగచూపులు చూడకు. వేలితో తడుము. బెల్టు తెలుస్తోందా? లేదూ? గుండీలు? నున్నగా మందంగా ఉందా? హమ్మయ్య, అయితే వీడు దుప్పటివాడే, బోర్డు పెయింటరు బిడ్డ. ఏం, ఏమంటున్నావు? అబద్ధం చెప్పాడా మీ తాత? వదినా అదే అంది, గడియారాన్ని సాగనంపి తలుపు వేసి రాగానే. "గుడ్డివాడికి అబద్ధం చెప్పారేంటండీ, పాపం కాదూ?" అంది. అన్నయ్య సైనికుల్ని సంచీలో సర్దుకుంటూ, "అబద్ధమేంటే, మనకి మూడు కనిపిస్తున్నాయి, వాడికి ఒకటే. నా సైన్యాన్ని నేను అనుకున్నట్టుగా చూసినవాడు ఈ ఊళ్లో వాడొక్కడే," అన్నాడు.

...

నీ చేతి దగ్గర ఆ కుట్టు ఊడిందేంటి? అలాగే వేసుకు తిరుగుతున్నావా, దర్జీ మనవరాలివి? ఇటు రా, ఆ సూది అందుకో.